పేరు చెప్పని హోటల్‌కి మన రేటు: విజయవాడ పెళ్లి గదుల కోసం నా అనుభవం

మా అక్క కూతురి పెళ్లి ఫిబ్రవరి 21, శనివారం రాత్రి విజయవాడలో జరిగింది. మూఢం వెళ్లాక వచ్చిన మొదటి ముహూర్తాల్లో అదొకటి కాబట్టి ఊళ్లో ఏ కల్యాణ మండపం చూసినా పందిళ్లే. బయటి నుంచి వచ్చేవాళ్లకు గదులు చూసే పని గుంటూరులో ఉన్న నా మీద పడింది. ఏడు గదులు, శుక్ర, శని రెండు రాత్రులు. అందులో కొన్ని గదులు ఆన్‌లైన్‌లో మా రేటు మేం చెప్పి, హోటల్ పేరు తెలియకుండానే తీసుకున్నాం. మామూలు హోటల్‌కి, పెద్ద హోటల్‌కి ఆ పద్ధతిలో ఎంత తేడా ఉందో పెళ్లి అయ్యేలోగా బాగా తెలిసొచ్చింది.

జనవరి 18న పటమటలో అక్క వాళ్లింట్లో కూర్చుని లెక్క వేశాం. రాజమండ్రి నుంచి వచ్చే వియ్యాలవారు, న్యూజెర్సీ నుంచి తమ్ముడు, మరదలు, వాళ్ల ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులతో పెదనాన్న, పెద్దమ్మ, మిగతావాళ్లంతా బెంగళూరు, తెనాలి చుట్టాలు. బావగారిది ఒకటే మాట: "వియ్యాలవారికి తక్కువ చేశారన్న మాట మాత్రం రాకూడదమ్మా. మిగిలింది నీ ఇష్టం." అక్కది ఇంకో మాట: "పడుకునేది నాలుగు గంటలు. దానికి పదివేలు పెట్టే గదులెందుకే?" ఇద్దరి మాటా నిజమే, అదే వచ్చిన చిక్కు.

మర్నాడు ఫోన్లు మొదలుపెట్టాను. బందరు రోడ్డు, బెంజ్ సర్కిల్ వైపు పెద్ద హోటళ్లలో గది 8,600 దాకా చెప్పారు. రేటు 7,500 దాటితే జీఎస్‌టీ 18 శాతం కాబట్టి చేతికి వచ్చేసరికి 10,148. గాంధీనగర్, గవర్నర్‌పేటల్లో మామూలు ఏసీ గదులు మూడున్నర వేలు, నాలుగు వేలు. అయితే ముహూర్తం రోజు అనేసరికి సగం చోట్ల "ఫుల్ అండీ" అని పెట్టేశారు. ఇక్కడ ఒక విషయం గమనించాను. మామూలు హోటళ్లకు గిరాకీ పెళ్లిళ్లతో వస్తుంది. పెద్ద హోటళ్లకు అమరావతి పనుల మీద వచ్చే కంపెనీల వాళ్లు, అధికారులు, అసెంబ్లీ రోజుల్లో వచ్చేవాళ్లు ఎక్కువ. వాళ్లంతా శుక్రవారం సాయంత్రానికి హైదరాబాద్ దారి పడతారు. అంటే మా పెళ్లి రోజునే చిన్న హోటళ్లు కిటకిటలాడుతుంటే పెద్ద హోటళ్లలో గదులు మిగిలిపోయే వీలుంది.

ఇది తమ్ముడికి ఫోన్‌లో చెబితే ఎగిరి గంతేశాడు. "అక్కా, అయితే బిడ్ వెయ్యి." అమెరికాలో ప్రైస్‌లైన్ అనే ట్రావెల్ సైట్ వాళ్లు 1998లో మొదలుపెట్టిన పద్ధతట. ఏ ప్రాంతం, ఎన్ని స్టార్లు, ఎంత ఇస్తామో మనం చెప్పాలి. ఏదో ఒక హోటల్ సరే అంటే అప్పటికప్పుడే కార్డు మీద డబ్బు పడిపోతుంది, ఆ తర్వాతే పేరు తెలుస్తుంది. రద్దు చేసుకోవడం, డబ్బు వెనక్కి అడగడం ఉండవు. అక్కడ ఇప్పుడు ఆ బిడ్డింగ్ పోయి, రేటు వాళ్లే చెప్పి పేరు మాత్రం దాచి అమ్మే పద్ధతి మిగిలిందట. వాడు పెళ్లికి ముందు అమెరికాలో ఊళ్లు తిరిగిన రోజుల్లో అన్నీ ఇలాగే దిగాడట. ఇక్కడా ఒక యాప్‌లో అలాంటి సౌకర్యం ఉందని వాడే వెతికి పంపాడు. బావగారికి చెబితే "గంప మీద గుడ్డ తీయకుండా చేపలు బేరమాడినట్టుంది" అన్నారు.

జనవరి 24 రాత్రి మొదటి బిడ్ వేశాను. ప్రాంతం బెంజ్ సర్కిల్, లబ్బీపేట. పై తరగతి, మూడు గదులు, రెండు రాత్రులు. రేటు 4,900. వేసేముందు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. యాప్‌లో చూపించే స్టార్లు యాప్ వాళ్లు ఇచ్చుకున్నవే. కేంద్ర పర్యాటక శాఖ ఇచ్చే స్టార్లు వేరు, ఈ రెండూ కలవాలని లేదు. కాబట్టి స్టార్లు పక్కన పెట్టి కింద రాసిన సౌకర్యాలు చూశాను. ఈత కొలను, జిమ్, 24 గంటల రూమ్ సర్వీస్, పైగా మ్యాప్‌లో గీసిన గుండ్రటి గీత. ఆ గీత లోపల ఈత కొలను ఉన్న హోటళ్లు ఎన్నని మామూలుగా వెతికితే వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే వచ్చాయి. ఏది వచ్చినా మాకు పనికొచ్చేదే.

అయిదు గంటల తర్వాత, అర్ధరాత్రి దాటాక, "మీ రేటు అంగీకరించలేదు" అని మెసేజ్. అదే ప్రాంతం, అదే తరగతి, అవే తేదీలకు మళ్లీ వేయాలంటే 24 గంటలు ఆగాలి. ఆ ఒక్క రోజులో నా మొహం చూసి మా ఆయన రెండుసార్లు టీ పెట్టిచ్చారు. గది దొరకదేమోనని కాదు, ఆ 30,870 రూపాయలు కార్డు మీద హోల్డ్‌లో ఉండిపోయాయి. కాదన్నా వెంటనే వదలరు, వారం దాకా పడుతుందని కింద చిన్న అక్షరాల్లో ఉంది. తర్వాతి బిడ్ 5,400కి వేస్తే ఇంకో 34,020 హోల్డ్. అదీ కాదన్నారు. నా కార్డు పరిమితి లక్ష, అందులో పెళ్లి చీరల బాకీ అప్పటికే కొంత ఉంది. ఇక 5,800కి వేయాలంటే మా ఆయన కార్డు తీయాల్సి వచ్చింది. యూపీఐతో కూడా కట్టొచ్చు కానీ అప్పుడు హోల్డ్ కాదు, డబ్బు ఖాతాలోంచి నిజంగానే పోయి తర్వాత తిరిగి రావాలి. ఆ టెన్షన్ నా వల్ల కాదు. ఇలాంటి పని పెట్టుకునేవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది ఇదే: కార్డులో ఖాళీ ఎంతుందని.

5,800కి మధ్యాహ్నం వేస్తే సాయంత్రం దీపాల వేళకి సరే అన్నారు. పేరు తెరిచి చూశాను. బందరు రోడ్డుకి దగ్గర్లో, మాకు తెలిసిన హోటలే. మండపం ఉన్న కానూరుకి పావుగంట. పన్నుతో గదికి రాత్రికి 6,090. వాళ్ల బోర్డు రేటు మీద గదికి నాలుగు వేలకు పైగా తగ్గింది. ఇంత తగ్గడానికి కొంత కారణం జీఎస్‌టీయే. 2025 సెప్టెంబర్ 22 నుంచి 7,500 లోపు గదికి పన్ను 5 శాతమే. 7,500కి గది దొరికితే మొత్తం 7,875, అదే 7,600 అయితే 8,968. వంద రూపాయల తేడాకి దాదాపు వెయ్యి రూపాయల పన్ను ఎక్కువ. పెద్ద హోటల్‌కి బిడ్ వేసేవాళ్లు ఎంతైనా వేయండి, ఆ గీత మాత్రం దాటకుండా వేయండి.

ఆ ఊపులో, జనవరి 27న మామూలు తరగతికీ ఇలాగే వేసి చూద్దామనుకున్నాం. ప్రాంతం గవర్నర్‌పేట, రెండు గదులు, 2,300. పది నిమిషాల్లో సరే అన్నారు. అంత త్వరగా వచ్చేసరికి సంతోషానికి బదులు గుబులు పుట్టింది. పేరు చూస్తే మేమెవరం వినలేదు. జాగా చూస్తే బస్టాండు వైపు. యాప్ దృష్టిలో గవర్నర్‌పేట అంత దూరం సాగుతుందన్నమాట.

జనవరి 31న వెళ్లి చూశాం. రోడ్డు మీద నుంచి రిసెప్షన్‌కి పదిహేను మెట్లు, లిఫ్ట్ ఆ మెట్లు ఎక్కాక మొదలవుతుంది. గదిలో కిటికీ ఉంది, తలుపు తీస్తే చేతికందే దూరంలో పక్క భవనం గోడ. కరెంటు పోతే జనరేటర్ మీద లైటు, ఫ్యాను నడుస్తాయి, ఏసీ నడవదు. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. వేడినీళ్లు ఉదయం అయిదు నుంచి తొమ్మిది దాకా. కౌంటర్లో అబ్బాయిని, "మా వాళ్లు అమెరికా పాస్‌పోర్ట్ మీద వస్తున్నారు, ఇక్కడ దిగొచ్చా?" అని మాటవరసకి అడిగితే చేతులు అడ్డంగా ఊపేశాడు. విదేశీ పాస్‌పోర్ట్ వాళ్లు దిగితే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వాళ్ల వివరాలు పంపాలి, అదంతా మేం పెట్టుకోం మేడం అన్నాడు. ఎన్ఆర్ఐ చుట్టాలున్నవాళ్లు ఈ మాట ముందే ఫోన్ చేసి అడగాలి. లేకపోతే అర్ధరాత్రి సూట్‌కేసులతో కౌంటర్ దగ్గర నిలబడాల్సి వస్తుంది.

డబ్బు వెనక్కి రాదు కాబట్టి ఆ రెండు గదులు ఫొటోగ్రాఫర్ కుర్రాళ్లకి, హైదరాబాద్ నుంచి కార్లు తోలుకొచ్చిన డ్రైవర్లకి ఇచ్చాం. వాళ్లు హాయిగా పడుకున్నారు. బస్టాండు పక్కనే కాబట్టి రాత్రి రెండింటికి కూడా వాళ్లకి టీ దొరికింది.

అక్కడి నుంచి బయటికొస్తూనే నాకు తేలిపోయింది. పేరు దాచిన గది కొనాలంటే పెద్ద హోటల్లోనే కొనాలి. పై తరగతిలో అన్నిటికన్నా తక్కువ రకం వచ్చినా లిఫ్ట్ ఉంటుంది, జనరేటర్ ఉంటుంది, పరుపు బాగుంటుంది. మామూలు తరగతిలో అలా కాదు. మూడు వేల గదుల్లో ఇంద్రభవనం లాంటివీ ఉన్నాయి, గోడ కిటికీలవీ ఉన్నాయి, యాప్ మాత్రం అన్నిటికీ ఒకే బొమ్మ పెడుతుంది. పైగా అక్కడ బిడ్ గెలిచినా మిగిలేది తక్కువే. ఆ డబ్బుకి అంత గుడ్డి బేరం అక్కర్లేదు. తమ్ముడు ఒప్పుకోలేదనుకోండి. అమెరికాలో మామూలు హోటళ్లే నయం, బ్రేక్‌ఫాస్ట్, వైఫై, పార్కింగ్ ఉచితం, ఊరి నడిమధ్య పెద్ద హోటల్ చవగ్గా వచ్చినా పార్కింగ్‌కే నడ్డి విరుగుతుంది అంటాడు. వాడి లెక్క వాడి ఊరికి సరిపోతుంది. అక్కడ చిన్న హోటళ్లు కూడా చాలావరకు ఏదో ఒక పెద్ద పేరు కింద నడుస్తాయి, ఎక్కడ దిగినా ఒకేలా ఉంటాయి. మన గాంధీనగర్‌లో ఏ హోటల్ దానిదే.

అదే రోజు గాంధీనగర్ వెళ్లి కళ్లతో చూసి నాలుగు గదులు మాట్లాడుకున్నాం. యాప్‌లో 3,900 చూపిస్తున్న గదికి మేనేజర్ 3,300 అన్నాడు, ఇద్దరికి టిఫిన్‌తో సహా. "యాప్‌లో వస్తే కమిషన్ వాళ్లకి పోతుంది మేడం. ఆ డబ్బుతో మీకే ఇడ్లీ పెడతాం" అన్నాడు నవ్వుతూ. బెంగళూరు వాళ్లు తెల్లవారుజామున రైలు దిగుతారంటే ఆరింటికే గదులిస్తానన్నాడు. అయిదు వేలు అడ్వాన్సు, అదీ ముహూర్తం కాబట్టి తిరిగివ్వను అన్నాడు. రెండు రాత్రులకి పన్నుతో 27,720. పది నిమిషాల్లో పని అయిపోయింది.

ఇక ఫిబ్రవరి 20. పెద్ద హోటల్లో చెక్ ఇన్ రెండు గంటలకి. బుకింగ్ మూడు గదులూ నా పేరు మీదే ఉన్నాయి, యాప్‌లో ఖాతా ఎవరిదో వాళ్ల పేరే పడుతుంది, మార్చడానికి లేదు. ఆ పేరున్న మనిషి గుర్తింపు కార్డుతో ఎదురుగా ఉంటేనే తాళం ఇస్తారు. అంచేత గుంటూరు నుంచి పొద్దున్నే బయల్దేరి, కాజ టోల్ దాటి, వారధి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని నేనే వెళ్లాల్సి వచ్చింది. గదికి మూడు వేల చొప్పున డిపాజిట్ అడిగారు. ఇదెక్కడా రాయలేదు. మళ్లీ కార్డు.

వియ్యాలవారు మూడింటికి దిగారు. గుమ్మం దగ్గర విమానాశ్రయంలో లాంటి స్కానింగ్ మెషిన్ ఉంది. వాళ్లు తెచ్చిన సారె బుట్టలు, స్టీలు డబ్బాలు ఒక్కొక్కటీ బెల్టు మీద పెట్టించారు. తెర మీద నల్లగా గుండ్రంగా వరసలు వరసలుగా కనిపించేసరికి సెక్యూరిటీ కుర్రాడు బెల్టు ఆపేశాడు. "లోపల ఏంటి సార్ ఇవి?" వియ్యంకుడు గారు గంభీరంగా, "సున్నుండలు" అన్నారు. మూత తీయించాడు. నెయ్యి వాసన లాబీ అంతా నిండింది. వియ్యపురాలు గారు అతని చేతిలో ఒకటి పెట్టి, "ఇప్పుడు చెక్ చెయ్యి నాన్నా" అన్నారు. బావగారు అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలారు.

గదులు బాగున్నాయి. కాకపోతే బిడ్ మీద వచ్చినవాళ్లకి ఏ గది, ఏ మంచం అన్నది వాళ్ల ఇష్టం. పెదనాన్న వాళ్లకి రెండు విడి మంచాలు వచ్చాయి, వాళ్లకి అదే నయం. తమ్ముడి వాళ్లకి ఒకే డబుల్ మంచం వచ్చింది, పిల్లలకి అదనపు పరుపు వేయిస్తే 1,500, పన్ను అదనం. తమ్ముడి పాస్‌పోర్టులు, ఓసీఐ కార్డులు (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చేవి) కాపీ తీసుకుని రెండు నిమిషాల్లో ఇచ్చేశారు, ఏ పేచీ లేదు. పెద్దమ్మ అరగంటలో ఫోన్: "ఏమే, ఇంత డబ్బు పోశారు, బాత్రూంలో బకెట్టూ చెంబూ లేవు!" హౌస్‌కీపింగ్‌కి చెబితే తెచ్చి పెట్టారు. అడిగితే గానీ పెట్టరు, పెద్దవాళ్లుంటే వాళ్లు చేరకముందే చెప్పి ఉంచండి.

ఖర్చు దగ్గర అసలు సంగతి మర్నాడు పొద్దున తెలిసింది. బిడ్ రేటులో టిఫిన్ లేదు. మనిషికి 750, పైన 18 శాతం, మొత్తం 885. గదికి 5 శాతం పన్ను వేసిన హోటల్లోనే ఇడ్లీకి 18 శాతం! 7,500 దాటిన గదులు అమ్మే హోటళ్లలో తిండికి అంతే వేస్తారట, మనం గది ఎంతకి తీసుకున్నామన్నది లెక్కలోకి రాదు. తమ్ముడు బిల్లు చూసి పిల్లల్ని ఆటోలో ఎక్కించుకుని గాంధీనగర్ బాబాయ్ హోటల్‌కి పోయాడు. వెన్న వేసిన ఇడ్లీలు తినిపించి తీసుకొచ్చాడు. వియ్యాలవారిని మాత్రం అలా పంపలేం కదా, వాళ్ల టిఫిన్లు మేమే కట్టాం. వియ్యపురాలు గారికి నాలుగున్నరకి లేచి కాఫీ తాగే అలవాటు. గదికి తెప్పించిన ఒక్కో కాఫీ పన్నుతో 295. ఆవిడ ఆ సంగతి తెలుసుకుని, "ఈ డబ్బుతో మా ఇంట్లో వారం కాఫీ వస్తుందమ్మా. మీ చుట్టాలు దిగిన హోటల్లో అయితే కుర్రాడు ఫ్లాస్కులో తెచ్చిస్తున్నాడటగా" అని నవ్వారు. నిజమే. గాంధీనగర్‌లో రూమ్ బాయ్ ఎదురుగా ఉన్న కొట్టు నుంచి ఫ్లాస్కులో కాఫీ, చీరలకి ఇస్త్రీ, పూలమాలలకి ఐసు, ఏది అడిగితే అది తెచ్చాడు. బెంగళూరు పిన్ని వాళ్లు పెళ్లి అయ్యాక కూడా ఆ కుర్రాణ్ణే తలుచుకుంటున్నారు.

అలాగని అక్కడంతా సుఖమే అనను. ముహూర్తం రాత్రి మండపం నుంచి మూడింటికి వెళ్తే షట్టర్ సగం దించేసి ఉంది, వాచ్‌మన్‌ని లేపడానికి హారన్ కొడుతూ నిలబడ్డారు. లిఫ్ట్‌లో నలుగురే పడతారు, పట్టుచీరలతో అయితే ముగ్గురు. అదే సమయానికి పెదనాన్న వాళ్లు పెద్ద హోటల్‌కి చేరితే తలుపు తీసి, చక్రాల కుర్చీ తెచ్చి, గది దాకా దింపారు. ఆయన మర్నాడు పది దాకా నిద్రపోయారు. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కే అవసరం లేకుండా పెళ్లి చూసింది ఈ మధ్య ఇదే అన్నారు. ఆ ఒక్క గదికి బోర్డు రేటు ఇచ్చినా నాకు బాధ ఉండేది కాదు.

ఆదివారం చెక్ అవుట్ పన్నెండింటికి. గాంధీనగర్‌లో మా వాళ్లు సాయంత్రం రైలుకి నాలుగింటి దాకా ఉన్నారు, ఎవరూ ఏమీ అనలేదు. పెద్ద హోటల్లో ఒంటిగంట దాకా అడిగితే ఒక్క గదికి ఒప్పుకున్నారు, సామాన్లు మాత్రం కింద భద్రపరిచారు. గది బిల్లు అడిగితే అది యాప్ నుంచి తీసుకోవాలన్నారు. వాళ్లిచ్చింది తిండి, పరుపు బిల్లు మాత్రమే. బావగారికి తన దుకాణం పేరు మీద జీఎస్‌టీ బిల్లు కావాలి, యాప్ వాళ్లు నా పేరు మీద పంపారు. మార్చమని మెయిల్ పెడితే బుకింగ్ తర్వాత మార్చలేమని జవాబు వచ్చింది.

కాదన్న బిడ్ల హోల్డులు ఫిబ్రవరి మొదటి వారంలోనే వదిలారు. డిపాజిట్లలో రెండు గదులవి వచ్చేశాయి. మూడోది ఇంకా కార్డులో పెండింగ్ అనే చూపిస్తోంది. హోటల్‌కి ఫోన్ చేస్తే మా వైపు నుంచి వదిలేశాం మేడం అంటున్నారు, బ్యాంకు వాళ్లు ఏడు పనిదినాలు ఆగమన్నారు.